ఎర్రమంజిల్‌లో జంట అక్షరాలు

హైదరాబాదులో పేర్లను నమ్ముకుని బయలుదేరినవాడు తిన్నగా ఇల్లు చేరడు. లకడీకాపూల్‌లో దిగి చెక్క వంతెన కోసం వెతికితే సిమెంటు తప్ప కనిపించదు. ఎర్రమంజిల్‌కు వచ్చి ఎర్రగా ఏముందా అని చూస్తే కూడలిలో దీపం ఒక్కటే ఎర్రగా ఉంటుంది. అదీ మనకు తొందర పని ఉన్నప్పుడే.

సంక్రాంతి వెళ్ళిన వారంలో మా చెల్లాయి ఇంటికి వెళ్ళాను. ముగ్గురన్నదమ్ముల తరవాత పుట్టిన కడగొట్టుది. ఎర్రమంజిల్ కాలనీలో మూడో అంతస్తులో కాపురం. బావగారు పనిచేసే కంపెనీ మూతపడి ఎనిమిది నెలలయింది. మేనల్లుడు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. సాయంత్రాలు అమీర్‌పేటలో కంప్యూటరు కోచింగు. ఆ కుర్రవాడే మెట్రో స్టేషను మెట్ల దగ్గరకు వచ్చి నా సంచీ అందుకున్నాడు.

“మావయ్యా, నేరుగా ఇంటికి వెళదామా, గుట్టమీది మహలు చూసి వెళదామా?” అన్నాడు.

అరిసెలు ఎలాగూ అయిపోయి ఉంటాయి, తొందరేముంది అని గుట్టవైపే నడిచాం.

ఎర్రమంజిల్ మహలు కట్టించినది నవాబ్ ఫక్రుల్ముల్క్. నిజాం కొలువులో పెద్ద పదవులు చేసిన ఉమరా. ఐరోపా ఫక్కీ స్తంభాలు, సున్నంతో తీర్చిన తీగలు, పువ్వులు, వందకు పైబడిన గదులు. ఒకప్పుడు విందులూ వినోదాలూ జరిగిన ఈ ఇంట్లో తరవాతి కాలంలో ఇంజనీరింగు శాఖల ఆఫీసులు నడిచాయి. 2019లో ఈ స్థలంలో కొత్త శాసనసభ భవనం కట్టాలని అప్పటి ప్రభుత్వం తలపెట్టింది. మహలును పడగొట్టవద్దని కొందరు కోర్టుకెక్కారు. ఆ సెప్టెంబరులో హైకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టివేసింది. మహలు బతికి బయటపడింది. గోడల పెచ్చులు ఊడాయి గాని గుమ్మటం కింది పువ్వులు ఇంకా పువ్వుల్లాగే ఉన్నాయి.

“దీన్ని ఎర్రమంజిల్ అని ఎందుకన్నారు మావయ్యా? ఎర్రగా లేదే?” అన్నాడు మేనల్లుడు.

“నవాబుగారు పెట్టిన పేరు ఇరం మంజిల్. ఇరం అంటే పారసీ కవులు పొగిడే స్వర్గంలాంటి తోట. మనవాళ్ళ నోట అది ఎర్రమంజిల్ అయింది.”

“అయితే నోరు తిరగక పాడుచేశారన్నమాట.”

“అదీ తేలిగ్గా చెప్పడానికి వీల్లేదు. ఈ గుట్టను అంతకుముందే జనం ఎర్రగడ్డ అనేవారనీ, ఆ మాటకు దగ్గరగా ఉండాలనే నవాబుగారు ఇరం అన్న పేరు ఏరుకున్నారనీ ఒక కథ చెబుతారు. ఆ కథ నిజమైతే పేరు పుట్టినప్పుడే జంటగా పుట్టింది. కాకపోతే పుట్టినప్పుడు ఒక్కటే. తరవాత జనం నోళ్ళలో పడి ఒరుసుకుని రెండుగా కనిపిస్తోంది.”

ఏదో మాటవరసకు అన్నాను. ఆ రాత్రే ఇదే ప్రశ్న మా చెల్లాయి కొంగులోంచి బయటికి వస్తుందని అప్పుడు తెలియదు.

భోజనాలయ్యాయి. బావగారు వీధి గుమ్మంలో ఫోను పట్టుకుని ఎవరితోనో ఉద్యోగం సంగతి మాట్లాడుతున్నారు. చెల్లాయి వంటింటి తలుపు దగ్గరకు వేసి, కొంగు ముడి విప్పి, చిన్న కాగితం పొట్లం నా ముందు పెట్టింది.

“అన్నయ్యా, నీకు నాణేల సంగతి తెలుసు కదా, చూసి చెప్పు.”

పొట్లంలో 1990ల నాటి అయిదు రూపాయల నాణెం. సంవత్సరం కింద బుల్లి నక్షత్రం. అంటే మన హైదరాబాదు టంకశాల సరుకే. బొంబాయి నాణేలకు వజ్రం గుర్తు, నోయిడా వాటికి చుక్క, కలకత్తా వాటికి ఏ గుర్తూ ఉండదు, మనవాటికి నక్షత్రం. ఈ నాణెంలో విశేషమేమిటంటే ఇండియా అన్న ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ రెండేసిగా, ఒకదాని నీడ ఒకటిలాగా కనిపిస్తున్నాయి.

“ఇది ఎక్కడిదే?”

“కూరలవాడు చిల్లరలో ఇచ్చాడు. అబ్బాయి ఫోనులో వెతికితే ఇలాంటివాటికి లక్షలు వస్తాయని ఉందట. ఒకాయనకు ఫొటో పంపాను. అయిదు లక్షలకు తీసుకుంటానన్నాడు. ముందుగా రిజిస్ట్రేషనుకు పద్ధెనిమిది వేల అయిదు వందలు కట్టాలి. రిజర్వు బ్యాంకు కాగితం కూడా పంపించాడు. ఎల్లుండి ఆఖరు రోజు.”

“డబ్బు ఎక్కడిది?”

ఆమె మాట్లాడలేదు. చేతికి ఉన్న గాజుల్లో రెండింటిని వేళ్ళతో తిప్పుతోంది. అవి మా అమ్మవి.

“బావగారికి తెలుసా?”

“ఆయనకు ఇంకా చెప్పలేదు. వాడి ఆఖరి ఫీజు కట్టేసి, రసీదు చేతిలో పెట్టి అప్పుడు చెబుదామని.”

చిత్తగించండి. బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు క్యాషు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి. చిల్లర సంచులు గుమ్మరించి లెక్కపెట్టే యంత్రం మోత చెవుల్లో ఇంకా ఉంది. అందుచేత నాణేల సంగతి నాకు పుట్టుకతోనే తెలుసునని మా వాళ్ళందరి నమ్మకం. ఆ నమ్మకం వెనక దాచిన సంగతి ఒకటి ఉంది. పదేళ్ళ కిందట ఆదివారం సంతలో ఇలాంటి జంట అక్షరాల రూపాయి నాణేన్ని రెండువేలు పోసి కొన్నాను. అమ్మినవాడు ‘డబుల్ డై సార్’ అన్నాడు. ‘అవును, డబుల్ డై’ అని తల ఊపాను. ఆ మాటకు అర్థం నేను నేర్చుకున్నది డబ్బు ఇచ్చేశాక. మా ఆవిడకు ఇప్పటిదాకా తెలియదు. ఈ పత్రిక చూస్తే తెలుస్తుంది.

కనుక ఈసారి తొందరపడలేదు. సంచీలోంచి కంసాలి భూతద్దం తీశాను. దీపం కింద నాణేన్ని ఇటూ అటూ వాల్చి చూశాను. సంగతి తెలిసిపోయింది. కాని అప్పటికప్పుడు ‘ఇది ఉత్తదే, పడుకో’ అనడానికి మనసొప్పలేదు. ఎనిమిది నెలల తరవాత ఆ ఇంట్లో కనిపించిన మొదటి ఆశ అది. నేను కాదంటే, నాకన్నా తెలిసినవాడు ఫోనులో ఉన్నాడనుకుంటుంది. ఆమె కళ్ళకే తెలియాలి.

“రేపు పొద్దున మనం ముగ్గురం ఈ నాణెం పుట్టింటికి వెళదాం. అందాకా పైసా కట్టకు,” అన్నాను. “అన్నట్టు, పెళ్ళికి నాన్నగారు ఇచ్చిన లక్ష్మీపూజ రూపాయలు ఉన్నాయా?”

“దేవుడి పెట్టెలో ఉన్నాయి. అవెందుకు?”

“తీసి ఉంచు. వాటినీ ఊరేగిద్దాం.”

మర్నాడు మెట్రో ఎక్కాం. ఖైరతాబాదు దాటితే లకడీకాపూల్, రెండే స్టేషన్లు. అక్కడినుంచి ఆటోలో సైఫాబాదు మింట్ కాంపౌండు. పేరు ఇంకా మింట్ కాంపౌండే గాని ఇప్పుడు అక్కడ నాణేలు పడడం లేదు.

హైదరాబాదు టంకశాల చరిత్ర 1803లో సికందర్ జా కాలంలో పాతబస్తీ సుల్తాన్‌షాహీలో మొదలైంది. అప్పట్లో సుత్తి దెబ్బతో నాణెం తయారయ్యేది. 1895 ప్రాంతంలో ఐరోపానుంచి యంత్రాలు వచ్చాయి. 1903 జూలైలో టంకశాల సైఫాబాదుకు మారింది. 1950లో కేంద్ర ప్రభుత్వం చేతిలోకి వెళ్ళింది. 1997లో చర్లపల్లిలో కొత్త కర్మాగారానికి తరలిపోయింది. ఖాళీ అయిన సైఫాబాదు కట్టడంలో 2022లో మ్యూజియం తెరిచారు. పాత యంత్రాలూ, పనిముట్లూ, నాణేలూ అక్కడ చూడవచ్చు.

చెల్లాయి కొంగు గట్టిగా పట్టుకుని నడుస్తోంది. అయిదు లక్షల రూపాయలు ముడివేసుకున్నది మరి!

ఒక పాత అచ్చుయంత్రం ముందు ఆగాను. నల్లగా, బరువుగా, మా ఊరి చెరుకు గానుగకు పెదనాన్నలా ఉంది.

“దీని పనేమిటో చెబుతాను, విను. నాణెం ఊరికే పుట్టదు. ముందు కళాకారుడు బొమ్మను పెద్దదిగా తయారుచేస్తాడు. ఒక యంత్రం దాన్ని నాణెమంత చిన్నదిగా తగ్గించి ఉక్కుమీద చెక్కుతుంది. అలా వచ్చే ఉక్కు దిమ్మమీద బొమ్మ నాణెంమీద ఉన్నట్టే పైకి ఉబ్బి ఉంటుంది. అది మూలముద్ర అనుకో. ఆ మూలముద్రను మరో మెత్తటి ఉక్కు దిమ్మమీద బలంగా నొక్కుతారు. ఇప్పుడు ఆ రెండో దిమ్మలో బొమ్మ గుంటగా, తిరగబడి పడుతుంది. దాన్ని గట్టిపరిస్తే అదే అచ్చు. ఇలాంటివి రెండు కావాలి, బొమ్మకొకటి, బొరుసుకొకటి. మధ్యన లోహపు బిళ్ళ పెట్టి దబ్బున నొక్కితే నాణెం. ఒక్క అచ్చునుంచి వేలకొద్దీ, లక్షలకొద్దీ నాణేలు వస్తాయి.”

“కజ్జికాయల అచ్చులాగే,” అంది చెల్లాయి.

“అదే. ఇప్పుడు చెప్పు, అచ్చులోనే పువ్వు రెండుసార్లు చెక్కి ఉంటే?”

“కజ్జికాయలన్నిటిమీదా రెండు పువ్వులు పడతాయి.”

“అచ్చు బాగానే ఉంది, నువ్వు తీసేటప్పుడు చెయ్యి జారి కజ్జికాయ రాసుకుంటే?”

“ఆ ఒక్కటీ చెడుతుంది. పువ్వు అణిగిపోతుంది.”

మీకు దాచడం దేనికి, లోకంలో నాణేలు సేకరించేవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకునే విషయమంతా మా చెల్లాయి రెండు ముక్కల్లో చెప్పేసింది. మిగిలింది వివరమే.

పూర్వం మూలముద్రను ఒక్కసారి నొక్కితే అచ్చు లోతుగా దిగేది కాదు. తీసి, కాల్చి మెత్తబరచి, మళ్ళీ నొక్కేవారు. రెండోసారి వెంట్రుకవాసి తేడాతో కూర్చుంటే అచ్చులోనే అక్షరాలు జంటగా పడిపోయేవి. ఇంగ్లీషులో డబుల్డ్ డై అనేది దీన్నే. అమెరికాలో 1955లో ఫిలడెల్ఫియా టంకశాలలో ఒక సెంటు అచ్చుకు ఇలాగే జరిగింది. పసిగట్టేసరికి ఆ నాణేలు మంచివాటితో కలిసిపోయాయి. అన్నిటినీ కరిగించడమెందుకని వదిలేశారు. ఇరవై వేల పైచిలుకు బజారులో పడ్డాయంటారు. సిగరెట్టు పెట్టెల్లో చిల్లరగా వచ్చిన ఆ సెంట్లు తరవాత పెద్ద పేరు మోశాయి. కంటికి ఆనేంత స్పష్టమైన జంట అది.

ఇక రెండో సంగతి. అచ్చు బంగారంలా ఉంటుంది. కాని యంత్రంలో బిగుతు తప్పి కాస్త వదులుగా ఉంటుంది. నాణెంమీద దెబ్బ పడుతుంది, అక్షరాలు చక్కగా లేస్తాయి. అచ్చు పైకి లేచేలోపల రవంత జారుతుంది, లేదా ఎగిరి మళ్ళీ తగులుతుంది. అప్పుడే లేచిన అక్షరం అంచును ఆ తాకిడి పక్కకు తోసి చదును చేస్తుంది. చూసేవాడికి రెండో అక్షరం కనిపిస్తుంది. నిజానికి అక్కడ రెండో అక్షరం లేదు. ఉన్న అక్షరమే నలిగిపోయింది.

“ఇదంతా సరే, మావయ్యా, చూసి పోల్చడం ఎలాగ?” అన్నాడు మేనల్లుడు. వాడి గొంతులో వీడియోల ధీమా కొంచెం తగ్గింది.

ముగ్గురం కిటికీ వెలుగులోకి వెళ్ళాం. భూతద్దం చెల్లాయి చేతికిచ్చాను.

“మొదట ఆ రెండో అక్షరం ఎంత ఎత్తున ఉందో చూడు. అచ్చులో పుట్టిన జంటయితే రెండూ అక్షరాల్లాగే గుండ్రంగా, నిండుగా లేచి ఉంటాయి. అన్నదమ్ములన్నమాట. యంత్రం చేసిన గాయమైతే రెండోది నేలబారుగా, మెట్టులాగా, చదునుగా, తళతళలాడుతూ ఉంటుంది.”

చాలాసేపు చూసింది. “మెట్టులాగే ఉంది,” అంది మెల్లగా.

“తరవాత అక్షరం లావు చూడు. జంటగా పుట్టిన అక్షరం మామూలుదానికంటె లావుగా ఉంటుంది, ఉన్నదానికి మరొకటి చేరింది గనక. గాయపడ్డ అక్షరం సన్నబడుతుంది. దాని ఒంట్లోంచి తెగ్గోసిన లోహంతోనే ఆ మెట్టు ఏర్పడింది.”

నా జేబులోంచి అదే కాలపు అయిదు రూపాయల నాణెం మరొకటి తీసి పక్కన పెట్టాను. మేనల్లుడు రెండూ మార్చి మార్చి చూశాడు. “మనదాంట్లో అక్షరం సన్నగానే ఉంది,” అన్నాడు.

“ఇంకొకటి. అక్షరాల మూలలు చూడు. నిజమైన జంటలో రెండు మూలలు విడివిడిగా, మధ్య చిన్న గాడితో, చీలిన గోరులాగా కనిపిస్తాయి. దీనిలో గాడి ఉందా?”

“లేదు.”

“మా బ్యాంకులో ఇంకో రకం దెబ్బలు చూసేవాళ్ళం. లెక్కపెట్టే యంత్రంలో ఇరుక్కుంటే నాణెంమీద చంద్రవంకలా గీతలు పడతాయి. కొందరు వాటినీ వింత అచ్చు అని అమ్ముతారు. దానికి ఒకటే గుర్తు. అచ్చులో బీటపడితే ఆ బీటలోకి లోహం ఎక్కి, నాణెంమీద గీత ఉబ్బుగా లేస్తుంది. నాణేనికి తరవాత తగిలిన దెబ్బయితే గీత లోపలికి దిగుతుంది. ఉబ్బితే పుట్టుక, దిగితే గాయం. అనుమానం తీరకపోతే ఆఖరి పరీక్ష ఉంది. అదే అచ్చునుంచి వచ్చిన మరో నాణెంలో అదే గుర్తు, అదే చోట, అదే తీరున కనిపించాలి. పుట్టుమచ్చ కవలలిద్దరికీ ఉంటుంది. కాలు జారి పడ్డ మచ్చ ఒక్కడికే ఉంటుంది.”

చెల్లాయి నాణేన్ని పొట్లంలో చుట్టలేదు. అరచేతిలో పెట్టుకుని నిలబడింది. నన్ను తిట్టినా బాగుండును.

“మరి ఆయన రిజర్వు బ్యాంకు కాగితం పంపాడుగా అన్నయ్యా?” అంది చివరికి. అది ప్రశ్న కాదు, పట్టుకొమ్మ.

“2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది. పాత నాణేలు, నోట్లు కొనడం అమ్మడం మా పని కాదు, వాటికి మేము ఏ రుసుమూ వసూలు చెయ్యం, మా పేరు చెప్పి వసూలు చెయ్యమని ఎవరికీ అధికారం ఇవ్వలేదు, మోసపోవద్దు అని. ఒక్కటి ఆలోచించు. కూరలు అమ్మేవాడు ఎప్పుడైనా నీ దగ్గర ముందు డబ్బు తీసుకుని, తరవాత నీ కూరలు తానే కొంటానన్నాడా? నిజంగా కొనేవాడు మనకిస్తాడు. మనదగ్గర పుచ్చుకునేవాడు కొనేవాడు కాదు, అమ్మేవాడు. వాడు నీకు అమ్ముతున్నది ఆశ.”

ఆమె కళ్ళు తుడుచుకుంది. మేనల్లుడు నేలచూపులు చూస్తున్నాడు. ఫోనులో వెతికి చూపించినవాడు వాడే కదా.

అప్పుడు నా సంతకథ చెప్పేశాను. రెండువేలు, ఆదివారం, తల ఊపడం, అంతా. “ముప్ఫై నాలుగేళ్ళు చిల్లర లెక్కపెట్టినవాడే బోర్లా పడ్డాడు. నీకేం?” అన్నాను. వాడు నవ్వాడు. తరవాత ఆమె కూడా నవ్వింది.

“సరే, నాన్నగారి రూపాయలు తియ్యి.”

పసుపు అంటిన గుడ్డలోంచి రెండు వెండి రూపాయలు బయటికి వచ్చాయి. హాలీ సిక్కాలు. నిజాం రాజ్యపు సొంత నాణేలు. మా నాయనమ్మ దాచుకున్నవి. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానమని ఆమె లెక్క చెబుతుండేదట. సంస్థానం కలిసిపోయాక కూడా 1959 దాకా అవి చెల్లాయి. పెళ్ళయినప్పటినుంచి ప్రతి శ్రావణ శుక్రవారం చెల్లాయి వాటికి కుంకుమ పెడుతూనే ఉంది.

“చార్మినార్ నడిమి గుమ్మంలో చూడు. ఏదో అక్షరం ఉంది కదా?”

“ఎప్పుడూ చూడలేదు అన్నయ్యా. కుంకుమ కింద ఉండిపోయింది.”

చార్మినార్ బొమ్మ రూపాయి మీదికి ఎక్కింది మహబూబ్ అలీఖాన్ రోజుల్లో, టంకశాల సైఫాబాదుకు వచ్చిన కాలంలోనే. ఆ గుమ్మంలో ఆయన పేరులోని మొదటి అక్షరం మీమ్ పెట్టారు. 1911లో ఆయన పోయి, ఉస్మాన్ అలీఖాన్ గద్దె ఎక్కాక గుమ్మంలో ఐన్ అక్షరం వచ్చింది. తొలినాళ్ళ నాణేల్లో ఆ ఐన్ పొట్టిగా, సగంలో ఆగినట్టుంటుంది. తరవాత అచ్చు మార్చి నిండు ఐన్ చెక్కారు. నాణేల జాబితాలు ఈ రెంటినీ వేరువేరు రకాలుగా లెక్కిస్తాయి.

“నీ రెండింటిలో ఒకటి హిజ్రీ 1329 నాటిది, పొట్టి ఐన్. రెండోది తరవాతి ఏళ్ళది, నిండు ఐన్. చూడు, రెండూ ఎంత నిండుగా, గుండ్రంగా లేచి ఉన్నాయో. ఎక్కడా నలుగుడు లేదు. ఇది అచ్చులో చెక్కిన తేడా. నువ్వు కూరలవాడి చిల్లరలో వెతుకుతున్నది ఇరవై అయిదేళ్ళుగా నీ దేవుడి పెట్టెలోనే ఉంది.”

మేనల్లుడు ఎగిరిపడ్డాడు. “అయితే వీటికి లక్షలు వస్తాయా మావయ్యా?”

“రావు నాయనా. ఇవి జనం చేతుల్లో చాలా తిరిగినవి. నిజమైన తేడా అయినంత మాత్రాన అరుదు కాదు, అరుదైనంత మాత్రాన కొనేవాడు సిద్ధంగా ఉండడు. వెండి విలువకు పైన కొంత పలకవచ్చు. అమ్మదలచుకుంటే నలుగురికి చూపించి, రసీదు రాసి ఇచ్చేవాడికి అమ్మాలి.”

“అమ్మను,” అంది చెల్లాయి. వెంటనే గుడ్డలో చుట్టేసింది.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో ఎవరం ఎక్కువగా మాట్లాడలేదు. ఎర్రమంజిల్‌లో దిగాక చెల్లాయే అంది, “అన్నయ్యా, ఆయనతో ఇవాళ చెప్పేస్తాను. ఫీజు సంగతి కూర్చుని ముగ్గురం ఆలోచిస్తాం. గాజులు పెట్టవలసివస్తే ఫీజుకే పెడతాను, వాడికి మాత్రం కాదు.”

“నా దగ్గరా కొంత ఉంది. అప్పుగానే తీసుకో. నాణేల మనిషిని, వడ్డీ కింద అరిసెలు తీసుకుంటాను.”

ఇంతలో ఫోను మోగింది. పేరు చూసి మేనల్లుడు తల్లికి అందించాడు. అవతలి గొంతు తీయగా ఏదో చెబుతోంది. రేపే ఆఖరు అంటున్నాడు కాబోలు. చెల్లాయి అంతా విని, “అయ్యా, ఆ పద్ధెనిమిది వేల అయిదు వందలూ మీరు ఇవ్వబోయే అయిదు లక్షల్లోంచి మినహాయించుకోండి, మిగతాది పంపండి,” అంది. గొంతు ఆగిపోయింది. ఆ నంబరునుంచి మళ్ళీ పిలుపు రాలేదు.

సాయంత్రం నన్ను సాగనంపడానికి మేనల్లుడు వచ్చాడు. దారిలో మహలు మళ్ళీ కనిపించింది. ఎండ వాలి గోడల గీతలన్నీ లేచి కనిపిస్తున్నాయి. వాడు ఆగి, నాణేన్ని చూసినట్టే మెడ పక్కకు వాల్చి చూశాడు.

“మావయ్యా, ఆ తీగలూ పువ్వులూ అచ్చులోవి. ఆ మేకులూ, వైర్లూ, ఊడిన పెచ్చులూ తరవాతివి.”

“పాసయ్యావు.”

“మరి పేరు సంగతి? ఇరమా, ఎర్రా?”

“దానికి భూతద్దం లేదురా. రెండూ నిండుగానే వినిపిస్తున్నాయి.”

స్టేషను కింద టీ బండి దగ్గర రెండు టీలు తాగాం. డబ్బు లెక్కపెడుతూ వాడు జేబులోంచి పొట్లం తీశాడు. అమ్మ ఖర్చుపెట్టెయ్యమని ఇచ్చిందట. నలిగిన అక్షరాల ఆ నాణేన్ని కాసేపు వేళ్ళమధ్య తిప్పి, మిగతా చిల్లరతో కలిపి బండివాడి చేతిలో పోశాడు. బండివాడు దాన్ని ఇటూ అటూ చూడలేదు. అయిదు రూపాయలకు అయిదు రూపాయలూ చెల్లింది.